కొల్లేరులో పక్షుల మీద కోపం నిజంగా ఎవరికి?

లంక_ఊరు (కైకలూరు వైపు)

అందరికీ నమస్కారం. చలికాలం వచ్చిందంటే మా కొల్లేరు సరస్సు గురించి రెండు రకాల వార్తలే వస్తాయి. ఆటపాకలో పెలికాన్ల ఫొటోలు ఒకటి, "పక్షుల అభయారణ్యం కుదించాలని కొల్లేరు ప్రజల డిమాండ్" అన్నది రెండోది. ఆ రెండోది చదివి బయటివాళ్లు మమ్మల్ని పక్షులకు శత్రువుల కింద లెక్కేస్తున్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది. మాది లంక గ్రామం. మా నాన్న తాటి దోనె మీద వేటకెళ్లి మమ్మల్ని చదివించాడు. అందుకే ఆ "కొల్లేరు ప్రజలు" అన్న మాటలో ఎవరెవరున్నారో విడదీసి మాట్లాడుకుందామని ఈ చర్చ పెడుతున్నాను.

మావులు (చేపలు పట్టే ఉచ్చులు) పెట్టి, వల వేసి రోజు గడుపుకునే వాళ్లు ఉన్నారు. తాతల నాటి జిరాయితీ (సొంత పట్టా) భూమి ఉండి, దాన్ని చేపల చెరువుకి లీజుకిచ్చి ఊళ్లోనో ఏలూరులోనో ఉండేవాళ్లు ఉన్నారు. లీజుకి తీసుకుని లక్షలు పెట్టి చెరువు చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లలో చాలామందికి కొల్లేరుతో ఉన్న సంబంధం ఆ లీజు కాగితమే. ఆ చెరువుల మీద కూలికి, కాపలాకి వెళ్లే మా ఊరి కుర్రాళ్లు ఉన్నారు. వీళ్లందరికీ పక్షి మీద ఒకే అభిప్రాయం ఎలా ఉంటుంది?

మా నాన్న వేటకెళ్లేటప్పుడు నీటికాకులు ఎక్కడ మునుగుతున్నాయో చూసి అటు దోనె తిప్పేవాడు. పక్షి ఉన్నచోట చేప ఉన్నట్టే కదా. ఇప్పుడు మా పెదనాన్న కొడుకు చెరువు మకాంలో కాపలా ఉంటున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి టపాసులు కాలుస్తూ, డబ్బా కొడుతూ గట్టు చుట్టూ తిరగడమే వాడి పని. పక్షి మారలేదు, కుటుంబం మారలేదు. నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయన్నది మారింది. నా మాట ఇదీ. మీరేమంటారు?

గట్టు_రైతు (ముదినేపల్లి)

లంక_ఊరు గారూ, మీరు మర్యాదగానే రాశారు కాబట్టి నేనూ మర్యాదగానే చెబుతా. నేను చెరువు చేస్తాను. అభయారణ్యం లోపల కాదు, బయట, మా సొంత భూమిలో. శీలావతి, బొచ్చె చేపలు వేస్తాను. ఎకరాకి ఎంత మేత పడుతుందో, తవుడు ధర ఎలా పెరిగిందో మీకు తెలియంది కాదు. కరెంటు బిల్లు, మందులు, పట్టుబడి కూలీ, ఐసు, కలకత్తా వెళ్లే లారీ కిరాయి, అన్నీ పోగా మిగిలేది చూసుకుంటే ఏ యేడూ నిద్ర పట్టదు.

చిన్న చేపపిల్ల వేసిన నర్సరీ చెరువు మీద తెల్లారేసరికి నీటికాకుల దండు దిగిందనుకోండి. ఒకటి రెండు కాదు, వందల్లో దిగుతాయి. అన్నీ వరసగా మునిగి చేపను ఒక మూలకి తోలి తింటాయి. దెబ్బతగిలి బతికిన పిల్లకి పుళ్లు పడి రోగం పట్టుకుంటుంది. గంటసేపు మనిషి లేకపోతే ఆ చెరువు మీద ఆశ వదులుకోవాల్సిందే. పైన వల కడితే ఖర్చు, పైగా పక్షి చిక్కుకుని చస్తే కేసు. చిత్తూరు జిల్లాలో ఏనుగు చెరుకు తొక్కితే పరిహారమంటూ ఒకటుంది, సరిపోతుందా లేదా అన్నది వేరే సంగతి. చేపల చెరువుకి అలాంటిది ఉందని నేనెప్పుడూ వినలేదు. ఇంత జరిగాక మేం పక్షిని ప్రేమించాలంటే ఎలాగండీ?

ఆకాశం_కేసి (విజయవాడ)

నేను ఖాళీ దొరికితే బైనాక్యులర్ తగిలించుకుని తిరిగే మనిషిని. గట్టు_రైతు గారి నష్టం నిజమే, కాదనను. కానీ ఒక పాత సంగతి ఇక్కడ చెప్పాలి. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమగోదావరిలో ఆరేడు అనే గ్రామంలో పెలికాన్ల గూళ్లు చూసి లోకానికి చెప్పారు. అవి ఎక్కడో అడవిలో లేవు, ఊరి మధ్య చెట్ల మీద ఉన్నాయి. ఊరివాళ్లే వాటిని కాపాడుకుంటూ వచ్చారు. 1970లు వచ్చేసరికి ఆ గూళ్లు ఖాళీ అయిపోయాయి. చాలా ఏళ్లకి ఆటపాకలో మళ్లీ పెట్టాయి. చెట్లు ఎండిపోతుంటే అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటిమీద కూడా గూళ్లు కట్టుకున్నాయి. చలికాలంలో వెళ్తే ఒక్కో స్టాండు మీద గూడు పక్కన గూడు, పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేప లాక్కుని తినడం కనపడుతుంది. పొడల పెలికాన్ అని పిలిచే ఈ జాతికి ప్రపంచంలో మిగిలిన చోట్లే తక్కువ. వాటిలో మన కొల్లేరు ముఖ్యమైనది.

ఇప్పటికీ పక్షుల్ని ఇంటి చుట్టాల్లా చూసుకునే ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు, హిందూపురం వైపు వీరాపురం, టెక్కలి దగ్గర తేలినీలాపురం, సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు. వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు వచ్చాయంటే ఆ యేడు వానలు బాగుంటాయని నమ్మకం. నేలపట్టులో రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని రైతులే చెబుతారు. ఏ చట్టం చెప్పిందని వాళ్లు కాపాడుతున్నారు?

గట్టు_రైతు

ఉప్పలపాడు చెరువులో పక్షి గూడు కడుతుందండీ, మేత అక్కడ కాదు. ఆ చిన్న చెరువులో అన్ని పక్షులకి సరిపడా చేప ఎక్కడిది? చుట్టుపక్కల ఎగిరి వెళ్లి ఎవరో ఒకరి నీళ్లలోనే తింటుంది. పేరు ఉప్పలపాడుకి వస్తోంది, మేత మాత్రం వేరేవాళ్ల చెరువులోది. నేలపట్టులో రెట్ట వల్ల పొలానికి లాభం, కాబట్టి ప్రేమ ఉంది. లంక_ఊరు గారు చెప్పింది కూడా ఇదే కదా. లాభం ఉన్నచోట ప్రేమ, నష్టం ఉన్నచోట కోపం.

ఏలూరు_సుజాత

నేను ఇద్దరితోనూ పూర్తిగా ఏకీభవించను. లాభనష్టాలే అయితే తేలినీలాపురం వాళ్లకి ఏం లాభం? అతిథి అనే భావన ఒకటి ఉంటుంది. మా అమ్మమ్మ వాళ్లింటి చింతచెట్టు మీద కొంగలు గూళ్లు పెడితే వాకిలంతా రెట్ట, నీచు వాసన. రోజూ తిట్టుకుంటూనే కడిగేది, చెట్టు కొమ్మ కొట్టనిచ్చేది కాదు. ఆవిడకి ఏ లెక్కా లేదు.

నీటి_లెక్క (నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను)

చర్చ పక్షి దగ్గరే ఆగిపోతోంది. కొల్లేరంటే ముందు వరద నీరు నిలిచే పళ్లెం అన్న సంగతి మర్చిపోకండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా చిన్నా పెద్దా డ్రెయిన్లన్నీ అందులోకే చేరతాయి. బయటికి పోవడానికి ఉన్నది ఉప్పుటేరు ఒక్కటే, అదీ వంకరలు తిరుగుతూ, పూడికతో, అరవై కిలోమీటర్ల దాకా పోయి సముద్రంలో కలుస్తుంది. వేసవిలో అదే దారిన ఉప్పునీరు వెనక్కి ఎగదన్నుతుంది.

పదో కాంటూరు (సముద్ర మట్టానికి పది అడుగుల ఎత్తు గీత) వరకు నిండితే కొల్లేరు దాదాపు 900 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు వరకు 308. 1999 అక్టోబరులో ఇచ్చిన జీవో 120 ఈ ఐదో కాంటూరు వరకు అభయారణ్యం అని ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. కుదించమనేవాళ్లు అడిగే మూడో కాంటూరుకి వస్తే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లు. అంటే సగం కంటే ఎక్కువ పోతుంది. 2008లో అసెంబ్లీ కుదించమని తీర్మానం చేసింది. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది.

గట్టు వేశామంటే ఆ మేరకు నీళ్లు నిలిచే చోటు పోయినట్టే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వాళ్లు మేడల మీద రోజుల తరబడి ఉన్నారు. బుడమేరుకి గండ్లు పడటానికి కారణాలు వేరే ఉన్నాయి, అంతా కొల్లేరు మీద తోసేయను. కానీ ఆ నీళ్లు చివరికి వెళ్లి చేరాల్సింది కొల్లేరులోకే. అక్కడ గట్లు అడ్డం ఉంటే వెనక ఊళ్లలో నీరు తీయడం ఆలస్యమవుతుంది. కొల్లేరు ఆయకట్టు వరి రైతుని అడగండి, పంట మునిగి వారమైనా నీరు లాగకపోతే ఎలా ఉంటుందో చెబుతాడు. పక్షి లేకపోయినా కొల్లేరు కావాలి.

చట్టం_చట్టమే

ఇంత చర్చ ఎందుకండీ? అభయారణ్యంలో చెరువులు నిషేధం. ఉన్నవన్నీ కొట్టేయాలి. 2006లో ఆపరేషన్ కొల్లేరు చేసినట్టు మళ్లీ చేసి, ఈసారి మళ్లీ కట్టకుండా చూస్తే సరిపోతుంది.

లంక_ఊరు

చట్టం గారూ, 2006లో నేను ఊళ్లోనే ఉన్నాను. పొక్లెయిన్లు వచ్చాయి, గట్లకి మందుపాతర్లు పెట్టి పేల్చారు. ఇళ్లలో సామాను కదిలిపోయేది. వేల ఎకరాల చెరువులు పోయాయి. నీళ్లు ఒక్కసారిగా తెరుచుకుని కొల్లేరు మళ్లీ కొల్లేరులా కనపడింది, అది నిజం, మా నాన్న సంతోషపడ్డాడు. కానీ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టి, బ్యాంకు అప్పులిప్పించి, మా వాళ్ల చేత చెరువులు తవ్వించింది. వరి మునిగిపోతోంది, చేపలు పెంచుకోండి అంది. ఆ సొసైటీ చెరువులు ఊరందరివి. పేదవాడి వాటా చెరువూ పోయింది, పెద్దాయన చెరువూ పోయింది. పెద్దాయన రెండేళ్లలో ఇంకోచోట గట్టు వేసుకున్నాడు. పేదవాడికి ప్రత్యామ్నాయం చూపిస్తామన్న మాట మాటగానే ఉండిపోయింది. మా ఊరి నుంచి అప్పుడు హైదరాబాద్ అపార్టుమెంట్లకి వాచ్‌మన్లుగా వెళ్లిన కుటుంబాలు ఇంకా తిరిగి రాలేదు.

ఐదో కాంటూరు లోపల దాదాపు 15 వేల ఎకరాల జిరాయితీ భూమి ఉంది. దాన్ని కొనలేదు, పరిహారం ఇవ్వలేదు, వదల్లేదు. ఆ రైతు దగ్గరకెళ్లి పక్షి గురించి అడిగితే ఏమంటాడు? కోపం పక్షి మీద కాదు, కానీ ఎదురుగా కనపడేది పక్షే.

అడ్మిన్

పార్టీల పేర్లు, కులాల పేర్లు పెట్టి రాసిన రెండు పోస్టులు తీసేశాను. విషయం మీద ఎంత గట్టిగానైనా వాదించుకోండి.

జువాలజీ_అమ్మాయి (ఎమ్మెస్సీ)

అంకుల్, నా ప్రాజెక్టు కోసం ఈమధ్య కొన్ని లంక గ్రామాల్లో తిరిగి జనంతో మాట్లాడాను. నాకు కనపడింది చెబుతాను. "మీకు పక్షులంటే ఇష్టమా" అని అడిగితే దాదాపు అందరూ ఇష్టమే అంటారు. "అభయారణ్యం కావాలా" అంటే వద్దంటారు. "కొల్లేరు పాతరోజుల్లో ఉన్నట్టు ఉండాలా" అంటే మళ్లీ కావాలంటారు, పైగా కళ్లు మెరుస్తాయి. ఒకే మనిషి మూడు జవాబులూ ఇస్తాడు. మూడూ నిజమే. అభయారణ్యం అంటే వాళ్లకి పక్షి గుర్తుకు రాదు, జీపు, కేసు, ఫైను గుర్తుకొస్తాయి. కాబట్టి "ప్రజలు వ్యతిరేకం" అని ఎవరైనా రాస్తే, ఏ ప్రశ్న అడిగి రాశారో ముందు చూడాలి.

ఇంకోటి. నేను మగవాళ్లతో మాట్లాడినంతసేపూ గట్లు, కాంటూర్లు, పరిహారం. ఆడవాళ్ల దగ్గర కూర్చుంటే మొదటి మాట తాగే నీళ్లు. చుట్టూ నీళ్లున్నా టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నామని ఒకావిడ బిందె వంచి చూపించింది. కొల్లేటి నీళ్లు పచ్చగా, అడుగున నల్లటి మడ్డి. ఫ్యాక్టరీల నీళ్లు, ఊళ్ల మురుగు, చెరువులు ఖాళీ చేసినప్పుడు వదిలే మేత మడ్డి, అన్నీ అందులోకే. "మా అత్త ఇవే నీళ్లతో పప్పు వండేది" అంది. వేట గురించి కూడా ఆడవాళ్లకే వివరంగా తెలుసు, ఎందుకంటే బజారుకి తీసుకెళ్లి అమ్మేది వాళ్లు. మట్టగిడస, ఇంగిలాయి, బొమ్మిడాయి గంపలో తగ్గిపోయాయని చెప్పారు. కమిటీల ముందుకి వెళ్లి మాట్లాడేవాళ్లలో వీళ్లు ఎంతమంది ఉంటున్నారు?

ఏలూరు_సుజాత

అమ్మాయ్, బాగా రాశావు. ఆ తాగునీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు ఇప్పటిదాకా. పెద్దింట్లమ్మ జాతరకి కొల్లేటికోట వెళ్లినప్పుడల్లా నేను చూస్తున్నా, నీళ్ల మీద గుర్రపుడెక్క కమ్మేసి దారి కనపడదు. అమ్మవారి దగ్గర అందరూ ఉంటారు, చెరువు యజమానులు, కూలీలు, వేటవాళ్లు, అటవీశాఖ వాళ్లు కూడా. అక్కడ ఎవరూ కొల్లేరు వద్దనరు.

ఇచ్ఛాపురం_కుర్రోడు

మాకు చిలికా దగ్గర. అక్కడి తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు ఉన్నారు, మాకు చుట్టరికాలు కూడా. చిలికా కూడా పూడిక పట్టి, ఉప్పదనం తగ్గి, గుర్రపుడెక్క పెరిగి, 1993లో ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ స్థలాల జాబితాలోకి వెళ్లింది. 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వాక చేపలు, పీతలు మళ్లీ పెరిగాయి. 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. చేప పెరిగేసరికి జనం ఆ పని తమ మంచికే అనుకున్నారు. అక్కడా రొయ్యల ఘేరీల (కట్టలు వేసి పెంచే మడుల) గొడవ ఉంది, అంతా బాగుందని చెప్పను.

ఇంకా చెప్పాల్సింది చిలికా ఒడ్డునున్న మంగళాజోడి. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మేవాళ్ల ఊరు. అదే మనుషులు ఇప్పుడు పడవ మీద పర్యాటకుల్ని తిప్పి పక్షులు చూపిస్తున్నారు. నేను ఎక్కిన పడవ నడిపినాయన దూరంగా ఎగిరే బాతు రెక్క చూసి పేరు చెప్పేశాడు. ఆ కన్ను వేట నేర్పిన కన్నే. లంక_ఊరు అన్నా, మీ నాన్నగారి లాంటి వాళ్లకి ఉన్న తెలివి ఏ ఆఫీసరుకి ఉంటుంది?

గట్టు_రైతు

పర్యాటకం ఎంతమందికి అన్నం పెడుతుంది తమ్ముడూ? ఆటపాకకి వచ్చేవాళ్లు నాలుగు నెలలు వస్తారు, పడవెక్కి ఫొటోలు తీసుకుని బిర్యానీ తిని వెళ్లిపోతారు. ఇక్కడ చేపల మీద బతికేవాళ్లు మేత షాపు నుంచి ఐసు ఫ్యాక్టరీ, ప్యాకింగ్, లారీ వరకు వేలల్లో. వాళ్లందరినీ గైడ్లను చేస్తారా?

ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటా. లోపల ఉన్న అక్రమ చెరువుల వల్ల బయట సొంత భూమిలో చేసుకునే మాక్కూడా నష్టమే. వాళ్లకి భూమి ఖర్చు లేదు, మడ్డి నీళ్లు ఊరికే వదిలేస్తారు. సరుకు ఎక్కువై ధర పడిపోతుంది. పైగా కొల్లేరు లోపల సహజంగా పెరిగే చేప ఉంటే పక్షి సగం అక్కడే తింటుంది, నా చెరువు దాకా రాదు. ఈ లెక్క మా సంఘం మీటింగుల్లో ఎత్తితే ముందు వరసలో కూర్చునేవాళ్లకి నచ్చదు.

ఆకాశం_కేసి

ఇది చాలా ముఖ్యమైన మాటండీ. పక్షి గట్టు దాటి మీ చెరువులోకి రావడానికి కారణం కొల్లేరులో దాని మేత తగ్గడమే. లోతు తక్కువ నీళ్లు, కిక్కిస దుబ్బులు, వాటి మధ్య చిన్న చేప ఉంటే అది అక్కడే ఉంటుంది. నాదొక విన్నపం. పైన సన్నటి నైలాన్ వల వదులుగా కట్టొద్దు. పక్షికి కనపడదు, రెక్క చిక్కుకుని తలకిందులుగా వేలాడి చస్తుంది. నర్సరీ చెరువుల వరకే, బిగుతుగా, కంటికి కనపడే లావు తాళ్లు దగ్గరదగ్గరగా కడితే చాలావరకు దిగవు.

గట్టు_రైతు

తాళ్లు కట్టి చూస్తాను. నీటికాకులు తెలివైనవి, గట్టు మీద దిగి నడుచుకుంటూ కూడా వస్తాయి. అయినా చూస్తాను.

చట్టం_చట్టమే

జిరాయితీ వాళ్లకి పరిహారం ఇవ్వాలన్నదాన్ని నేనూ సమర్థిస్తాను. కానీ పరిహారం తేలేదాకా అక్రమ గట్లు ఉంచాలంటే అదెప్పటికీ తేలదు. ఆలస్యం వల్ల లాభపడేవాళ్లే ఆలస్యం చేయిస్తున్నారు. గట్లు తీశారా అని సుప్రీంకోర్టు మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తోందంటే అర్థం అదే కదా?

నీటి_లెక్క

అందులో కొంత నిజం ఉంది. కానీ నేల మీద హద్దు ఎక్కడో సామాన్యుడికి తెలియాలి. ఐదో కాంటూరు అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత. మ్యాపు మీద సులువు, పొలంలో నిలబడితే కనపడదు. రాళ్లు పాతని చోట్ల తన భూమి లోపలో బయటో రైతుకి తెలియదు, ఆ అయోమయంలోనే బేరాలు నడుస్తాయి. రీసర్వే చేసి రాళ్లు పాతి, లోపల ఉన్న జిరాయితీ, డీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), సొసైటీ, ప్రభుత్వ భూములు విడివిడిగా సర్వే నంబర్లతో పంచాయతీ గోడ మీద రాయాలి. ముందు ప్రభుత్వ భూమిలో ఉన్న పెద్ద గట్లు తీయాలి. వాటికి పరిహారం ప్రశ్నే లేదు. 2006లో అందరి గట్లూ ఒకేసారి కొట్టడంతో చిన్నవాడు పెద్దవాడి వెనక నిలబడాల్సి వచ్చింది.

జువాలజీ_అమ్మాయి

సార్, జీవో 120 సంప్రదాయ వేటని ఆపలేదు కదా? చాలామంది "వేట కూడా నిషేధమే" అనుకుంటున్నారు. మావులు పెట్టుకున్నా కేసు పెడతారని భయపడుతున్నారు.

నీటి_లెక్క

లేదమ్మా. గట్లు వేసి చేసే ఆక్వా సాగు నిషేధం. సంప్రదాయ పద్ధతిలో చేపల వేటకి అడ్డు లేదు. ఆ సంగతి ఊళ్లో బోర్డు పెట్టి చెప్పాల్సింది. పెట్టలేదు.

లంక_ఊరు

మా ఊళ్లో ఇప్పటికీ సగం మందికి ఇది తెలియదు సార్. వేటవాళ్ల చేత "అభయారణ్యం వద్దు" అని సంతకాలు పెట్టించేటప్పుడు వాళ్లకి చెప్పేది కూడా ఇదే, వేట ఆపేస్తారని.

వచ్చే గ్రామసభలో రెండు విషయాలు పెట్టిస్తున్నాను. జీవో 120లో వేట గురించి ఉన్న భాగం తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు దగ్గర అతికించడం ఒకటి, సర్వే నంబర్ల జాబితా అడుగుతూ తీర్మానం రెండోది. నీటి_లెక్క గారూ, తీర్మానం భాష ఎలా ఉండాలో మీరు రాసిస్తే మేలు. అమ్మాయ్, నువ్వు మాట్లాడిన ఆడవాళ్లని సభకి తీసుకురావడానికి సాయంత్రం పూట పెట్టించమని అడుగుతాను. పగలు పెడితే వాళ్లు బజార్లో ఉంటారు.

నీటి_లెక్క

రేపు రాసి పంపుతాను. పాత టోపో షీట్లలో (సర్వే మ్యాపుల్లో) కాంటూరు గీతలు ఉంటాయి, మీ ఊరి షీటు దొరికితే అది కూడా జతచేస్తాను.

గట్టు_రైతు

ఆ జాబితా అడిగే తీర్మానం కాపీ నాక్కూడా పంపండి. మా పంచాయతీలో కూడా పెట్టిస్తాను.